ఎనిమిది వేల పేజీల కామిక్: హోమ్‌స్టక్ కొందర్ని ఎందుకు లాగేస్తుంది, ఎక్కువమందిని గుమ్మంలోనే ఎందుకు ఆపేస్తుంది

క్లుప్తంగా: హోమ్‌స్టక్ 2009 నుంచి 2016 దాకా నడిచిన అమెరికన్ వెబ్‌కామిక్. బొమ్మలు, చాట్ సంభాషణలు, యానిమేషన్, సంగీతం, చిన్న చిన్న గేములు అన్నీ కలిపి ఒకే కథ. మొదట్లో అది విసిగించడానికీ, తర్వాత వదలబుద్ధి కాకపోవడానికీ కారణం ఒకటే: ముందు తన పద్ధతులన్నీ పాఠకుడికి నేర్పుతుంది, ఆ తర్వాత వాటితోనే ఆడుకుంటుంది. వెబ్‌లో యానిమేషన్లు, గేములు నడిపిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మూతపడ్డాక హోమ్‌స్టక్‌ను ఏ రూపంలో చదువుతున్నారన్నది కూడా పెద్ద ప్రశ్నే అయింది.

అండర్‌టేల్ గేమ్‌లోని మెగలోవేనియా ట్యూన్ మీమ్స్‌లోనో రీల్స్‌లోనో చాలామంది చెవిన పడే ఉంటుంది. అది ఎక్కడిదని వెనక్కి తవ్వుకుంటూ పోతే, అండర్‌టేల్ సృష్టికర్త టోబీ ఫాక్స్ 2008లో ఎర్త్‌బౌండ్ అనే పాత గేమ్‌ను మార్చి చేసిన ఒక హాలోవీన్ గేమ్ దగ్గర మొదలై, హోమ్‌స్టక్ అనే వెబ్‌కామిక్ మీదుగా 2015లో అండర్‌టేల్‌కు చేరిందని తెలుస్తుంది. సరే, ఆ మధ్యలో ఉన్నదేమిటో చూద్దామని తెరిస్తే పడకగదిలో నిలబడ్డ ఒక పిల్లాడు కనిపిస్తాడు. చేతులు కూడా గీయలేదు. ఇవాళ అతని పదమూడో పుట్టినరోజు, ఇంకా పేరు పెట్టలేదు, ఏం పెడదాం అని కింద రాసి ఉంటుంది. లింకు నొక్కితే మొదట ఓ చెత్త పేరు పడుతుంది, పిల్లాడు మొహం మాడ్చుకుంటాడు, మళ్ళీ నొక్కితే జాన్ ఎగ్బర్ట్ అని అసలు పేరు వస్తుంది. వంద పేజీలు తిప్పినా జాన్ ఇంటి ఆవరణ దాటడు.

చాలామంది ట్యాబ్ మూసేసేది ఇక్కడే. మూయనివాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి దాని గురించే మాట్లాడుతుంటారు. ఈ రెండు గుంపుల మధ్య అంత తేడా ఎందుకొస్తుందో తెలియాలంటే కథ కంటే ముందు దాని తయారీ చూడాలి.

అసలు ఇదేమిటి

దీన్ని చేసింది ఆండ్రూ హస్సీ. 2006లో ఎంఎస్ పెయింట్ అడ్వెంచర్స్ పేరుతో మొదలైన ప్రయోగం చాలా సాదాసీదా: పాత కంప్యూటర్ల నాటి టెక్స్ట్ అడ్వెంచర్ గేములకు వెక్కిరింపుగా, పాఠకులు 'తలుపు తెరువు', 'సీసా పగలగొట్టు' అని ఆదేశాలు పంపుతారు, వాటిలో ఒకదాన్ని ఎంచుకుని హస్సీ వెంటనే బొమ్మ గీసి పెడతారు. ఒకటి రెండు చిన్న కథల తర్వాత 2008లో వచ్చిన ప్రాబ్లెమ్ స్లూత్ ఈ పద్ధతిని ఏడాది పైగా లాగి జనాన్ని పోగేసింది. దాని వెనకే 2009 ఏప్రిల్ 13న హోమ్‌స్టక్ మొదలైంది, సరిగ్గా ఏడేళ్ళకు 2016 ఏప్రిల్ 13న ముగిసింది. మొత్తం 8,000కు పైగా పేజీలు, 8 లక్షలకు పైగా మాటలు.

కథ ఒక్క ముక్కలో చెప్పడం కష్టం, చెప్పినా అర్థం కాదు. చాట్‌లో మాత్రమే పరిచయమున్న నలుగురు పదమూడేళ్ళ పిల్లలు (జాన్, రోజ్, డేవ్, జేడ్) సబర్బ్ అనే కొత్త కంప్యూటర్ గేమ్ ఆడటం మొదలుపెడతారు, ఆ గేమ్ భూమి మీదికి ఉల్కల్ని తెస్తుంది. మొదట్లో తెలియాల్సింది ఇంతే.

పేజీ రూపం మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. పైన ఒక బొమ్మ ఉంటుంది, ఒక్కోసారి రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ కదులుతుంటుంది. కింద వచనం. పాత్రలు చాట్ చేస్తుంటే ఆ సంభాషణ ఒక బటన్ వెనక దాగి ఉంటుంది, నొక్కితే విప్పుకుంటుంది. అన్నిటికన్నా కింద, బాణం గుర్తు పక్కన తర్వాతి పేజీ పేరు ఒక ఆదేశంలా కనిపిస్తుంది. పాత సైట్‌లోనైతే దానికి దిగువన గేమ్ సేవ్ చేసుకో, లోడ్ చేసుకో అనే లింకులు కూడా ఉండేవి, నిజంగానే పనిచేసేవి, అంటే మీరు ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకునేవి. పేరు ముందు బ్రాకెట్లలో ఎస్ అనే అక్షరం ఉందంటే ఆ పేజీలో శబ్దం ఉందని అర్థం, స్పీకర్ పెట్టుకోవాలి. ఆ పేజీల్లో యానిమేషనో, ఆడే గేమో ఉంటుంది.

మొదటి అంకం ఎందుకంత నత్తనడక

మొదటి అంకం దాదాపు 250 పేజీలు. అందులో పెద్ద భాగం జాన్ వస్తువుల్ని తీసుకోలేక, తీసుకున్నవాటిని బయటికి తీయలేక పడే అవస్థ. అతని దగ్గరున్న సంచీ లాంటి వ్యవస్థ కార్డుల మీద నడుస్తుంది, ఆ కార్డుల వరస 'స్టాక్' పద్ధతిలో ఉంటుంది. చివర పెట్టింది ముందు బయటికి రావాలి, అడుగున ఉన్నది కావాలంటే పైవన్నీ తీయాలి, కార్డులు నిండాక కొత్తది పెడితే అడుగున ఉన్నది ఎగిరి బయట పడుతుంది. రోజ్‌ది 'ట్రీ', చెట్టు కొమ్మల్లా చీలే వరస. డేవ్‌ది 'హ్యాష్ మ్యాప్', వస్తువు పేరులో అచ్చులకు ఒకటి, హల్లులకు రెండు చొప్పున కూడి ఏ కార్డులోకి పోవాలో తేలుస్తుంది, అందుకే ఏం పట్టుకున్నా ఇంకేదో విసిరేస్తుంటాడు. బీటెక్‌లో డేటా స్ట్రక్చర్స్ పేపర్ రాసినవాళ్ళకు ఈ జోకులు వేరే వాళ్ళకంటే ఓ పది నిమిషాలు ముందే అందుతాయి.

ఇదంతా కాలక్షేపంలా కనిపిస్తుంది గానీ, ఇక్కడ నేర్చుకున్నది పోదు. ప్రతి వస్తువుకూ ఎనిమిది అక్షరాల కోడ్ ఉంటుంది. కొన్ని వందల పేజీల తర్వాత ఆ కోడ్ ప్రకారం కార్డుకు చిల్లులు పొడిచి, రెండు కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టి కొత్త వస్తువు తయారుచేయొచ్చని తెలుస్తుంది. రెండిటిలోనూ ఉన్న చిల్లులే మిగిలితే ఒక వస్తువు, రెండిటి చిల్లులూ ఒకే కార్డు మీద పొడిస్తే ఇంకో వస్తువు. లాజిక్ గేట్లే. ఈ లెక్క ఊరికే చెప్పి వదిలేసింది కాదు, నిజంగా పనిచేస్తుంది. అందుకే అప్పటి పాఠకులు కొందరు కూర్చుని కోడ్‌లు లెక్కగట్టుకున్నారు.

పాఠకుడికి నియమాలు తెలిసిపోయాయి కాబట్టి తర్వాతి మలుపుల్ని తనే ముందుగా ఊహించగలడు, ఊహించింది తప్పితే రచయిత ఎక్కడ మోసం చేశారో వెనక్కి వెళ్ళి వెతకగలడు. హోమ్‌స్టక్ ఆకర్షణలో సగం ఇక్కడుంది. మామూలు కామిక్‌లో చదివేవాడి పని చూడటం, చదవడం వరకే. ఇందులో మాత్రం ఏదో ఒక యంత్రం మరలు విప్పుతున్నామన్న భావన కలుగుతుంది. దానికి చెల్లించాల్సిన ధర ఆ మొదటి 250 పేజీలు, మరి ఆ ధర కొంచెం ఎక్కువే.

చిన్న చిన్న జోకులు కూడా ఇలాగే అప్పుగా వచ్చి వడ్డీతో తీరతాయి. మొదటి అంకంలో జాన్‌కు ఒక కేక్ మిక్స్ బ్రాండ్ అంటే చిరాకు, నాన్న చేసే కేకులు చూస్తేనే మండిపోతాడు. ఆరో అంకానికి వచ్చేసరికి ఆ బ్రాండ్ కథను మోసే ప్రధాన విషయాల్లో ఒకటి అవుతుంది. సంగీతంలోనూ అంతే: ధ్వని ఉన్న తొలి పేజీల్లో జాన్ పియానో మీద వాయించే చిన్న ముక్క తర్వాత పెద్ద యుద్ధాల పాటల్లో పదే పదే తొంగిచూస్తుంది. ఆ ట్యూన్ ఎక్కడిదో చెప్పే వచనం ఏమీ ఉండదు, చెవికి గుర్తుంటే చాలు.

రంగును బట్టి మనిషి

కథ సగానికి చేరేలోపు, అంటే దాదాపు 2,000 పేజీల తర్వాత, ఇంకో పన్నెండుమంది పూర్తిస్థాయిలో దిగుతారు. బూడిద రంగు చర్మం, కొమ్ములు, రాశిచక్రంలో ఒక్కో గుర్తు ఒక్కొక్కరికి, వీళ్ళను ట్రోల్స్ అంటారు. ఒకేసారి పన్నెండు కొత్త పాత్రలు తెస్తే ఏ కథైనా కుప్పకూలాలి. ఇక్కడ కూలకపోవడానికి కారణం టైపింగ్. ఒక్కొక్కరి చాట్ ఒక్కో రంగులో, ఒక్కో అలవాటుతో ఉంటుంది. కర్కాట్ బూడిద రంగులో అన్నీ క్యాపిటల్ లెటర్స్‌తో అరుస్తాడు. కనాయా పచ్చ రంగులో ప్రతి మాటకూ మొదటి అక్షరం పెద్దది పెడుతుంది. టెరెజీ కొన్ని అక్షరాల స్థానంలో 4, 1, 3 అంకెలు వాడుతుంది. వ్రిస్కాకు 8 అంకె పిచ్చి.

మొదటిసారి చూసినప్పుడు కళ్ళు తిరుగుతాయి. ఓ యాభై పేజీలు గడిచేసరికి పేరు చూడకుండానే మాట్లాడేదెవరో తెలిసిపోతుంది, ఒకరి టైపింగ్ హఠాత్తుగా మామూలుగా మారితే ఏదో జరిగిందని గుండె జారుతుంది. నవలలో రచయిత 'అతని గొంతు వణికింది' అని రాసే చోట ఇక్కడ ఒక అక్షరం మారుతుంది. ఈ పిల్లల ఊళ్ళు వేరు, కొందరి లోకాలే వేరు, ఉన్న బంధమంతా చాట్ విండోలోనే. 2009 నాటికి టీనేజీలో ఉండి, రాత్రిళ్ళు మెసెంజర్లలో గడిపినవాళ్ళకు ఇది తమ జీవితమే అనిపించడంలో వింత లేదు. ఈ కామిక్ చుట్టూ పుట్టిన అభిమానం అంత గట్టిగా ఉండటానికి ఈ ఒక్క విషయమే మిగతా హంగులన్నిటికన్నా పెద్ద కారణం కావచ్చు.

ఆదేశం ఇస్తున్నది ఎవరు

పాఠకులు ఆదేశాలు పంపే పద్ధతి ఎక్కువకాలం సాగలేదు. వందమంది పంపితే వాటిలో ఎంచుకోవడం నిజంగా ఎంచుకోవడమే. వేలమంది పంపుతుంటే రచయితకు కావలసిన ఏ మలుపైనా ఎవరో ఒకరు పంపే ఉంటారు, అప్పుడిక అడగడం లాంఛనమే. అందుకే హోమ్‌స్టక్ ముందుకు సాగేకొద్దీ పగ్గాలు హస్సీ చేతుల్లోకే వచ్చేశాయి.

ఆ మార్పును దాచకుండా కథలోకే లాక్కొచ్చారు. రెండో అంకంలో ఎడారిలో తిరిగే ఒక దేశదిమ్మరి పాడుబడ్డ టెర్మినల్ దగ్గర కూర్చుని ఏదో టైప్ చేస్తాడు, ఆ మాటలు జాన్ బుర్రలో ఆదేశాలుగా వినిపిస్తాయి. అంటే ఇన్నాళ్ళూ పేజీ కింద కనిపించిన ఆ లింకు వెనక ఇప్పుడు ఒక పాత్ర ఉంది. ఆ తర్వాత ఒక పాత్ర కథ చెప్పే పనినే లాగేసుకుంటుంది, సైట్ రూపురేఖలు మారిపోతాయి, పై బ్యానర్ కథలో భాగమవుతుంది. సేవ్ బటన్, పేజీ అంచు, లింకు, దేన్నీ వదలలేదు. కాగితం మీద అచ్చువేస్తే ఇందులో చాలా భాగం ఊడిపోతుంది. 2018 నుంచి విజ్ మీడియా అనే ప్రచురణ సంస్థ తెచ్చిన పుస్తకాల్లో హస్సీ వ్యాఖ్యలు తోడుగా ఉంటాయి, కదిలేవీ మోగేవీ పోయాక పేజీలో ఇంకేదో ఉండాలిగా.

రోజుకు నాలుగు పేజీలు

అప్పట్లో వెంటబడి చదివినవాళ్ళ అనుభవం ఇప్పుడు చదివేవాళ్ళది ఒకటి కాదు. 2011 అక్టోబర్ 25న ఐదో అంకం చివర కాస్కేడ్ అనే 13 నిమిషాల యానిమేషన్ వచ్చింది. అప్పటికి రెండున్నరేళ్ళలో 4,100 పేజీలు దాటాయి, సగటున రోజుకు నాలుగు పైనే. వారానికోసారి వచ్చే కామిక్స్ మధ్య ఇది పిచ్చి వేగం. ఏ గంటలోనైనా కొత్త పేజీ రావొచ్చు కాబట్టి జనం పొద్దస్తమానం రిఫ్రెష్ కొడుతూ కూర్చునేవారు. కాస్కేడ్ రోజు రద్దీ తట్టుకోవడానికి దాన్ని న్యూగ్రౌండ్స్ సైట్‌లో పెడితే ఆ సైట్ కూడా కుప్పకూలింది.

వారపత్రికల్లో సీరియల్ చివర 'సశేషం' చూసి వారం రోజులు ఊహాగానాలు చేసిన తరానికి ఈ ఆకర్షణ వేరే చెప్పక్కర్లేదు, ఈ రోజుల్లో ప్రతిలిపిలో తర్వాతి భాగం కోసం ఎదురుచూసేవాళ్ళకూ తెలుసు. తేడా ఎక్కడంటే, ఇక్కడ ఎదురుచూపు సమయంలో పాఠకులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బొమ్మలు గీశారు, సిద్ధాంతాలు రాశారు, కొందరు వాలంటీర్లుగా సంగీత బృందంలో చేరి ఆల్బమ్‌లు చేశారు, అవి బ్యాండ్‌క్యాంప్ అనే సంగీతం అమ్మే సైట్‌లో అమ్ముడయ్యాయి. టోబీ ఫాక్స్ ఎదిగింది ఆ బృందంలోనే.

తర్వాత వేగం తగ్గింది. 2012 సెప్టెంబర్‌లో గేమ్ చేస్తామంటూ, జనం నుంచి చందాలు పోగేసే కిక్‌స్టార్టర్ సైట్‌లో 7 లక్షల డాలర్లు అడిగితే 24 లక్షలకు పైగా వచ్చాయి. ఉచితంగా చదివిన జనం అంత డబ్బు పెట్టడం ఆ రోజుల్లో వార్త. కానీ ఆ గేమ్, హైవ్‌స్వాప్, మొదటి భాగం 2017లో గానీ రాలేదు, రెండోది 2020లో వచ్చింది. కామిక్ కూడా 2013 అక్టోబర్ నుంచి ఏడాదిపాటు ఆగింది. రోజూ తినిపించి అలవాటు చేసిన పాఠకుణ్ణి ఏడాది పస్తు పెడితే ఏమవుతుందో అదే అయింది, కొందరు తిరిగి రాలేదు, వచ్చినవాళ్ళు ముగింపు మీద పెట్టుకున్న ఆశలు ఆకాశాన్నంటాయి.

మిగతావాటితో పోలిస్తే

వెబ్ కోసమే పుట్టిన కామిక్ ఇది ఒక్కటే కాదు. కామిక్స్ మీద పుస్తకాలు రాసిన స్కాట్ మెక్‌క్లౌడ్ 2000లోనే తెరకు కాగితంలా అంచులుండవని, కామిక్ ఎటైనా సాగొచ్చని వాదించారు. 2013లో ఎక్స్‌కేసీడీ అనే వెబ్‌కామిక్ 'టైమ్' అనే ఒకే ఒక్క కామిక్‌ను మొదట అరగంటకు ఒకటి, తర్వాత గంటకు ఒకటి చొప్పున మారుస్తూ నాలుగు నెలల్లో 3,099 బొమ్మలు చూపించింది. కొరియా ఇంటర్నెట్ సంస్థ నేవర్ 2004లో మొదలుపెట్టిన వెబ్‌టూన్ సేవ అంచుల్లేని కాన్వాస్‌ను ఫోన్ మీద నిలువుగా స్క్రోల్ చేసే పట్టీగా మార్చి పెద్ద వ్యాపారం చేసుకుంది.

వెబ్‌టూన్ గెలిచింది, హోమ్‌స్టక్ దారి గెలవలేదు. ఎందుకంటే యాప్‌కు ఒకే కొలత కావాలి: ఇంత వెడల్పు, ఇన్ని ఫ్రేములు, వారానికి ఒక ఎపిసోడ్, తొందరుంటే డబ్బు పెట్టి కొనే కాయిన్స్. కొత్త పాఠకుడు పది సెకన్లలో పద్ధతి పట్టేస్తాడు. హోమ్‌స్టక్‌కు కావలసింది అందుకు పూర్తిగా రివర్స్. రచయితకు సొంత సైట్ ఉండాలి, రేపు దాని లేఅవుట్ పగలగొట్టే స్వేచ్ఛ ఉండాలి, బొమ్మ, శబ్దం, గేమ్ మూడూ ఒకే చోట చేసుకునే చవక పనిముట్టు ఉండాలి. ఆ పనిముట్టు ఫ్లాష్. అది పోయాక అదే పని ఒక్క మనిషి చేయాలంటే కోడింగ్ వచ్చి ఉండాలి, లేదా గేమ్ ఇంజిన్ నేర్చుకోవాలి. ఇలాంటి ఆలోచనలున్నవాళ్ళు అంతకుముందే చిన్న గేముల వైపు మళ్ళడం మొదలుపెట్టారనడానికి అండర్‌టేల్ కన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

ఫ్లాష్ పోయాక మిగిలింది

2020 డిసెంబర్ 31తో అడోబీ ఫ్లాష్‌కు సపోర్ట్ ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయర్‌లో ఫ్లాష్ ఫైళ్ళు నడవడమే ఆగిపోయింది. ఆలోపు అధికారిక సైట్‌లో చాలా యానిమేషన్లను వీడియోలుగా మార్చారు. చూడటానికి ఫరవాలేదు. కానీ నొక్కితే తెరుచుకునేవి, తిరిగి చూడగలిగే గదులు, పాఠకుడి చేతిలో ఉండాల్సిన చిన్న చిన్న ఆటలు చాలావరకు చప్పబడ్డాయి. వీడియో తనంతట తాను నడిచిపోతుంది, ఇక్కడ అసలు రుచంతా మీరు నడిపించడంలో ఉంది.

ఈ లోటు తీర్చింది అభిమానులే. అనఫీషియల్ హోమ్‌స్టక్ కలెక్షన్ అనే ఉచిత ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో వేసుకుంటే పాత ఫ్లాష్ పేజీలు పాతవాటిలాగే నడుస్తాయి, సంగీతం కూడా దాంతోనే వస్తుంది. డౌన్‌లోడ్ కొన్ని జీబీలు ఉంటుంది, ఫోన్‌లో కుదరదు. దానిలో కొత్త పాఠకుల మోడ్ ఒకటుంది: మీరు ఏ పేజీలో ఉన్నారో చూసుకుని, అంతకు మించిన విషయాలు, ఆల్బమ్‌ల పేర్లతో సహా దాచేస్తుంది.

ఇప్పుడు దిగాలనుకునేవాళ్ళకు

ఈ రోజు హోమ్‌స్టక్ మొదలుపెట్టేవాళ్ళ పరిస్థితి పెళ్ళయిన మూడో రోజు విందుకు వెళ్ళినట్టుంటుంది, అందరూ ఏవో జరిగినవి తలుచుకుని నవ్వుతుంటారు, అడిగితే 'నువ్వుండాల్సింది' అంటారు. దానికి విరుగుడు అడగకపోవడమే. వికీ తెరవకండి, పాత్ర పేరు గూగుల్‌లో కొట్టారో, సూచనల్లోనే ఆ పాత్ర చావు కనిపిస్తుంది.

పేజీల సంఖ్య చూసి బెదరక్కర్లేదు. చాలా పేజీలు ఒక బొమ్మ, ఒక వాక్యం, అంతే. సమయం తినేవి చాట్‌లు, వాటిని దాటేస్తే ఇంక చదవడానికి ఏమీ మిగలదు. చాట్‌లు నచ్చకపోతే హోమ్‌స్టక్ నచ్చదన్నమాటే. చదవడం కష్టంగా ఉన్నవాళ్ళకు అభిమానులు గొంతులిచ్చి చేసిన వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి. తెలుగులో అనువాదం లేదు. 2009 నాటి అమెరికన్ టీనేజర్ల చాట్ ఇంగ్లిష్ కాబట్టి ఇంగ్లిష్ నవలలు గడగడా చదివేవాళ్ళు కూడా కాస్త తడుముకుంటారు.

ట్రోల్స్ వచ్చేదాకా ఓపిక పట్టమని పాత అభిమానులు చెబుతుంటారు, అంటే 2,000 పేజీలు నమ్మకం మీద చదవమని. అది అన్యాయమైన సలహా. రెండో అంకం చివరికి, అంటే ఏడెనిమిది వందల పేజీలకు, నవ్వూ రాక, కుతూహలమూ పుట్టకపోతే మానేయడమే మంచిది, అప్పటికి ఈ కామిక్ చేయగల పనులన్నీ చిన్న మోతాదులో చూపించేసి ఉంటుంది. ముందుగా ప్రాబ్లెమ్ స్లూత్ చదవాలన్న నియమమూ లేదు.

ఇంకో సంగతి. పిల్లల కథలా కనిపించినా రక్తపాతం బాగానే ఉంది, అప్పటి ఇంటర్నెట్‌లో మామూలుగా చెల్లిపోయిన కించపరిచే మాటలు చాలా ఉన్నాయి. పదకొండు పన్నెండేళ్ళ వాళ్ళ చేతికి ఇచ్చేది కాదు.

ఎక్కడ ఆపాలన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. ఆరో అంకం ఒక్కటే అంతకుముందు ఐదిటికీ సాటిగా సాగి, అంకంలో అంకాలుగా, విరామంలో విరామాలుగా చీలిపోతుంది. ముగింపు యానిమేషన్ ఎన్నో ముడుల్ని విప్పకుండా వదిలేసింది. 2019లో ఎపిలాగ్‌లు, వాటి వెనక సీక్వెల్ వచ్చాయి, అభిమానులు వాటి మీద రెండుగా చీలారు. పూర్తి చేసి తీరాలన్న పట్టుదల లేనివాళ్ళకు ఐదో అంకం చివరి కాస్కేడ్ మంచి మజిలీ. అక్కడిదాకా నేర్చుకున్న ప్రతి నియమం, ప్రతి ట్యూన్ ఆ 13 నిమిషాల్లో ఒక్కసారి పనికొస్తుంది. ఆ తర్వాత మిగిలిన సగం కొత్త పాత్రలతో మొదలవుతుంది కాబట్టి ఇంకెప్పుడైనా తీరిక చూసుకుని మొదలుపెట్టినా పెద్దగా పోయేదేమీ లేదు.